పళ్లు తెల్లబడాలని వంటింట్లో చేసే ప్రయోగాలు
(ప్రసంగ పాఠం)

 

మన భాష గురించి, థింసా గురించి పెద్దలు చెప్పారు. నేను హాస్టల్ వార్డెన్ని. నాకు తెలిసినవి సబ్బులు, దువ్వెనలు, పేస్టులు. అందుకే పళ్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. గ్రూపు ఫొటో అనగానే పెదాలు బిగించుకుని నిలబడే ఆడపిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు.

సెలవులకు ఇంటికెళ్లి వచ్చిన ఇంటర్ అమ్మాయి ఒకామె చన్నీళ్లు తాగలేక ఏడ్చింది. ఏం చేశావమ్మా అంటే, ఫోన్‌లో చూసి నిమ్మరసంలో వంటసోడా కలిపి మూడు వారాలు రోజూ రుద్దుకుందట. "మొదటి వారం తెల్లబడ్డాయి మేడం" అంది. ఆ మాట అబద్ధం కాదు. మోసమంతా అక్కడే ఉంది.

పంటి మీద ఎనామిల్ అనే పొర ఉంటుంది. మన ఒంట్లో ఎముక కన్నా గట్టిది అదే. కానీ పులుపుకు కరుగుతుంది. పీహెచ్ 5.5 కన్నా తగ్గితే కరగడం మొదలు. నిమ్మరసం పీహెచ్ సుమారు 2. పైమరకతో పాటు పొర కూడా పోతుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మూసుకుంటుంది, ఎనామిల్ మాత్రం మళ్లీ పెరగదు. దాని కింద ఉండే డెంటిన్ రంగే పసుపు. అంటే తెలుపు కోసం అరగదీసే కొద్దీ పసుపే బయటపడుతుంది, చల్లదీ వేడిదీ తగిలితే జివ్వుమంటుంది. అసలు ఆరోగ్యమైన పంటికి కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. పాల తెలుపు టీవీ ప్రకటనల వాళ్లు నేర్పిన కోరిక.

మా అవ్వ బొగ్గుతో, ఉప్పుతో తోమేది కదా అంటారు. తోమేది. ఆమె పళ్లు ఎంత అరిగాయో కూడా చూడండి. ఇప్పుడు అదే బొగ్గును ట్యూబులో పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అది పైమరకను గీకుతుందే తప్ప పంటి లోపలి రంగును మార్చలేదు. వేపపుల్లతో పేచీ లేదు. కొసను మెత్తగా నమిలి మెల్లగా తోమండి. అడ్డంగా గట్టిగా రాస్తే చిగురు కిందికి జారి పంటి వేరు కనబడుతుంది.

నిజంగా రంగు మార్చేది పెరాక్సైడ్. పళ్ల డాక్టరు మీ పళ్లకు అచ్చు తీసి, సరిపోయే ట్రే చేసి, సాధారణంగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇస్తారు. ఇంట్లోనే రాత్రిపూట పెట్టుకుంటారు. పని చేస్తుంది. పళ్లు జివ్వుమనడం, చిగుళ్లు మండడం ఉంటాయి, చాలామందికి ఆపేశాక తగ్గిపోతాయి. వచ్చిన తెలుపు శాశ్వతం కాదు. కట్టించుకున్న పన్ను, నింపించుకున్న సిమెంటు తెల్లబడవు. పుచ్చు ఉంటే ముందు దాని సంగతి చూడాలి. పద్దెనిమిది నిండని వాళ్లకూ గర్భిణులకూ వద్దు. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే సీసా తెచ్చి రుద్దుకోవడం మాత్రం ఎవరికీ వద్దు.

ఇంకో మాట. మనలో చాలామందికి బ్లీచింగే అక్కర్లేదు. టీ, ఖైనీ, గుట్కా మరకలు పైవి. ఆసుపత్రిలో పళ్లు క్లీన్ చేయిస్తే చాలావరకు పోతాయి. క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయన్నది అపోహ. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వాళ్ల పంటి మచ్చలు వేరు, అవి లోపలివి. ఏ నిమ్మకాయా వాటిని తీయలేదు.

అద్దం ముందు నిలబడినప్పుడు పళ్లే కాదు, బుగ్గ లోపల, నాలుక కింద కూడా చూసుకోండి. ఖైనీ పెట్టుకునే చోట తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ఆలస్యం చేయొద్దు. అడ్డపొగ తాగే అవ్వలుంటే వాళ్ల అంగిలి కూడా చూడండి. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకునే ఆ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. ఏరియా ఆసుపత్రికి పళ్ల డాక్టరు ఏ రోజు వస్తారో ముందే కనుక్కుని తీసుకెళ్లండి. హాస్టల్ పిల్లలైతే నాతో చెప్పండి, నేనే వెంట వస్తాను.