మూడు దోనెల పడవ

గోదావరి సీమలో పుట్టినవారికి పడవ కొత్త కాదు. అయినను మనలో పెక్కుమందిమి పడవ ఎక్కినవారమే కాని, నడిపినవారము కాము. రేవు దాటుటకో, పాపికొండలు చూచుటకో టిక్కెట్టు కొని కూర్చుందుము. చుక్కాని మరియొకరి చేతిలో ఉండును. జంగారెడ్డిగూడెమునకు సమీపమున, కొంగువారిగూడెమువద్ద ఎర్రకాలువకు అడ్డముగా కట్టిన కరాటం కృష్ణమూర్తి జలాశయము ఉన్నది. ఇటువంటి నీటిమీద భార్యాబిడ్డలతో ఒక సామాన్య గృహస్థు తానే నడుపుకొనదగిన తెరచాప పడవ ఎట్టిదై ఉండవలెనో నేడు ముచ్చటించుకొందము.

నీరనిన మన తల్లులకు భయము. ఆ భయము అకారణము కాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదమీద ఉండగా, కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి. కనుక కుటుంబపు పడవకు వేగము ప్రధానము కాదు. అది తేలికగా ఒరిగిపోరాదు. నడుపుట సులభముగా ఉండవలెను. నడుపువాడు పొరపడినను దిద్దుకొనుటకు వ్యవధి ఈయవలెను.

ఈ మూడు గుణములు కల చిన్న పడవకు పాశ్చాత్యులు ‘ట్రైమరాన్’ అని పేరు పెట్టిరి. నడుమ ఒక పొడవైన దోనె, దానికి ఇరుప్రక్కల అడ్డుకొయ్యలతో బిగించిన రెండు చిన్న దోనెలు, వాటి మధ్య కూర్చుండుటకు బిగువుగా కట్టిన వల, నడిమి దోనెపై ఒక స్తంభము, తెరచాప: ఇంతియే దాని స్వరూపము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన దరిమిలా, ఉక్రెయిన్ నుండి అమెరికాకు వలసపోయిన విక్టర్ చెచెట్ ఈ పేరు కల్పించెను. 1960లో ఆర్థర్ పైవర్ అను అమెరికను, ప్లైవుడ్డుతో తాను కట్టుకొన్న ముప్పది అడుగుల ట్రైమరాన్‌లో అట్లాంటిక్ సముద్రమును దాటెను. సామాన్యులు ఇంటి పెరటిలో ఇట్టి పడవలు కట్టుకొనుటకు ఆయన ఉదాహరణము త్రోవ చూపినది.

పేరు విదేశీయమే కాని, అందలి సూత్రము మనకు పరాయిది కాదు. రెండు దోనెల పడవకు ఇంగ్లీషువారు వాడు ‘కాటమరాన్’ అను మాట తమిళుల ‘కట్టుమరము’ నుండి పోయినది. ‘ట్రైమరాన్’ ఆ మాటకు తోబుట్టువు. మన కొల్లేటి ప్రాంతమున తాటిమాను మొదలును తొలిచి దోనె చేయుదురు. ఒంటి దోనె ఇట్టే దొర్లిపోవును. రెండింటిని జతపరచి కట్టినచో మనుష్యులను, బరువును నిలకడగా మోయును. ఇట్టి జంట దోనెకే సంగడి అని పేరు. సంగడి అనగా జత, చెలిమి. సంగడీడు అనగా స్నేహితుడు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి ‘పెరిప్లస్’ అను గ్రీకు నావికుని గ్రంథము, మన తూర్పుతీరమున మానులను జోడించి కట్టిన ‘సంగర’ అను పెద్ద పడవలను పేర్కొన్నది.

జతకు ఇంత బలము ఎక్కడిది? పోవుచున్న బస్సులో పాదములు దగ్గరగా పెట్టి నిలిచినవాడు తూలును. ఎడముగా పెట్టినవాడు నిలుచును. పడవకును అంతే. గాలి తెరచాపను నెట్టగా పడవ ఒకవైపు ఒరుగును. ఆ వైపు చిన్నదోనె నీటిలో అణగి, నీటిచేత పైకి నెట్టబడును. అది నడిమి దోనెకు ఎంత దూరమున ఉన్నచో ఆ నెట్టుడు అంత బలముగా పనిచేయును. న్యూజీలాండులో రూపొందిన ‘వెటా’ అను చిన్న ట్రైమరాన్ పొడవు 4.4 మీటర్లు, వెడల్పు 3.5 మీటర్లు. అంతే పొడవుగల ఒంటి పడవ సామాన్యముగా ఇందులో సుమారు సగము వెడల్పు మాత్రమే ఉండును. అడుగున ఇనుప బరువు అక్కరలేదు గనుక ఇది తేలికగా, లోతులేని నీటిలోను తిరుగును.

ఇక దీని లోపమును కూడ చెప్పవలెను. వెడల్పయిన పడవ తేలికగా బోల్తాపడదు. పడినచో అంత తేలికగా తిరిగి లేవదు. కావున ధైర్యము పేరిట అశ్రద్ధ పనికిరాదు. చాపత్రాడును ముడివేయక చేతిలోనే పట్టవలెను. గాలి హెచ్చినపుడు దానిని వదలినచో చాప రెపరెపలాడి పడవ నెమ్మదించును. పెద్దలు పిల్లలు అందరును గట్టుమీదనే లైఫ్ జాకెట్టు తొడుగుకొని, పట్టీలు బిగించుకొనవలెను, ఈతగాడైనను సరే. పరిమితికి మించి ఒక్క పిల్లవానినైనను ఎక్కించుకొనరాదు. బోల్తాపడినచో పడవను విడిచి గట్టుకు ఈదబోరాదు. పడవనే పట్టుకొని ఉండవలెను. వేసవి మధ్యాహ్నములందు గాలివాన చెప్పి రాదు. మబ్బు నల్లబడుట చూడగానే గట్టు చేరవలెను. వరద దినములలో నదిలోనికి దిగనే రాదు. జలాశయములందు అధికారుల అనుమతి ముందుగా పొందవలెను.

నేర్చుకొనుటకు దూరదేశములు పోనక్కరలేదు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవలు నడుపుట నేర్పుచున్నారు. నాలుగు కుటుంబములు కలిసి ఒక పడవ సంపాదించుకొని, తెలిసినవారివద్ద మెలకువలు నేర్చి, చలికాలపు ప్రశాంతమైన ఉదయములందు గట్టు దగ్గరనే అభ్యాసము ఆరంభించుట మంచిదని మా అభిప్రాయము. నీటి ప్రక్కన పెరుగు పిల్లలను ఎల్లకాలము నీటికి దూరముగా ఉంచలేము. పెద్దల కన్నులయెదుట, లైఫ్ జాకెట్టు తొడిగి, చాపత్రాడు ఎప్పుడు పట్టవలెనో ఎప్పుడు వదలవలెనో వారికి నేర్పుట మన చేతిలోని పని.