మహిళా విశ్వవిద్యాలయములు – స్త్రీల అధికారము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



సంస్కృత వ్యాకరణమున రెండు శబ్దములు గలవు. ఆచార్యుని భార్య ఆచార్యాని. తానే శాస్త్రమును వ్యాఖ్యానించు స్త్రీ ఆచార్య. భర్తనుబట్టి వచ్చు గౌరవము వేరు, విద్యనుబట్టి వచ్చు అధికారము వేరు అని వైయాకరణులు ఏనాడో గుర్తించిరి. మా ప్రసంగమునకు ఈ భేదమే మూలము.

1916వ సంవత్సరమున ధోండో కేశవ కర్వేగారు జపాను మహిళా విశ్వవిద్యాలయ వృత్తాంతముచే ప్రేరితులై, పూనాయందు స్త్రీలకు ప్రత్యేక విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. 1920లో విఠల్‌దాస్ ఠాకర్సీగారు 15 లక్షల రూపాయల విరాళమొసగగా, వారి తల్లి నాథీబాయిగారి పేర అది ప్రసిద్ధి కెక్కెను. చదువువారు స్త్రీలే, తొలి కులపతి మాత్రము రామకృష్ణ గోపాల భండార్కరు పండితులు. స్త్రీలు చదువ మొదలిడిన దినముననే స్త్రీల యేలుబడి మొదలు కాలేదని దీనివలన తెలియుచున్నది. కాలక్రమమున హంసా మెహతాగారు ఉపకులపతి యైరి. 1951లో శాసనసమ్మతి లభించిన పిమ్మట ప్రేమలీలా ఠాకర్సీగారు ఆ పదవి నలంకరించిరి. ఆమె దాతగారి ధర్మపత్నియే. అయినను ఆ పీఠమున చెల్లిన సంతకము ఆమెది, భర్తది కాదు.

ప్రత్యేక విద్యాలయమందలి అధికారము అంతఃపురపు పెత్తనమువంటిది, బయట చెల్లదని కొందరందురు. హంసా మెహతాగారు 1949లో స్త్రీపురుషులు కలసి చదువు బరోడా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యగుటయే దీనికి సమాధానము. గోడలోపల ఆరితేరిన పాలన గోడ వెలుపలను చెల్లినది. చెల్లనిచో లోపమా గోడకు వెలుపలివారిదే.

తెలుగునాట 1983లో తిరుపతియందు పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసెను. 2022లో హైదరాబాదు కోఠీ మహిళా కళాశాల విశ్వవిద్యాలయ మయ్యెను. మన బాలికలు అట్టిచోట్ల పట్టములు పొందినచో సన్మానించి శాలువలు కప్పుచున్నాము. సంతోషమే. కాని మన బాలికా వసతిగృహపు కార్యనిర్వాహకవర్గమున ఒక్క స్త్రీ యైనను గలదా? జ్యోతి వెలిగించుటకు వారిని వేదికపైకి పిలుతుము. జమాఖర్చుల చిట్టా మాత్రము వారి చేతికీయము. అధ్యక్షులవారి సతీమణికి ముందువరుసలో ఆసనము వేసి, స్త్రీలను గౌరవించితిమని తృప్తిపడుదుము. ఇది ఆచార్యానికి జరుగు మర్యాద. ఆచార్యకు దక్కవలసిన స్థానము కాదు.

కావున ఈ మహాసభవారికి మా మనవి యొక్కటే. వసతిగృహపు వర్గమున సగము స్థానములను, కోశాధికారి పదవిని, చదువుకొన్న మన ఆడపడుచులకు ఈ యేడే అప్పగింపుడు. తీర్మానమును వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయకుడు. లెక్కలు చూచుట, దండించుట, క్షమించుట, నిర్ణయించుట అనునవి వినుటచే రావు, చేయుటచే వచ్చును.