చదువరులు కట్టుకొన్న సంఘములు



గ్రంథాలయమునకు పుస్తకములే ప్రాణమని పెద్దలందురు. ఆ మాటలో సగము సత్యము కలదు. పుస్తకమును చదివి ఊరకుండక తోడివారితో ముచ్చటించువారు, వాదించువారు, తుదకు తామును కలము పట్టువారు ఎచ్చట నుందురో, అచ్చటనే గ్రంథాలయము బ్రదుకును. పాశ్చాత్య దేశములలో అట్టి చదువరుల సంఘ మొకటి దాదాపు నూరేండ్ల క్రిందట మొలకెత్తి మహావృక్షమైనది. ప్రభుత్వము దానిని స్థాపింపలేదు. జమీందారులు, కోటీశ్వరులు దానిని పోషింపలేదు. కథలు చదివిన బాలురు, యువకులు తమ జేబుడబ్బులతో దానిని నిలిపిరి. రజతోత్సవ శుభసమయమున ఆ వృత్తాంతము స్మరింపదగియున్నది.

1926వ సంవత్సరము ఏప్రిల్ నెలలో హ్యూగో గెర్న్స్‌బాక్ అను ప్రచురణకర్త అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ అను మాసపత్రికను నెలకొల్పెను. చంద్రలోక యాత్రలు, వింత యంత్రములు, రాబోవు యుగములు అందలి కథావస్తువులు. నేడు సైన్స్ ఫిక్షన్ అనబడు వైజ్ఞానిక కల్పనా సాహిత్యమునకే అంకితమైన మొదటి పత్రిక అది. అందు పాఠకుల లేఖల శీర్షికలో లేఖ వ్రాసినవారి పూర్తి చిరునామాను గూడ ముద్రించుచుండెడివారు. ఆ చిన్న ఏర్పాటు గొప్ప ఫలితము నిచ్చినది. తన యూరిలో తానొక్కడే ఇట్టి కథలు చదువు పిచ్చివాడనని క్రుంగియుండిన బాలుడు, పొరుగూరిలో తనవంటివా డింకొక డున్నాడని తెలిసికొనెను. పత్రికతో పనిలేకయే పాఠకులు పరస్పరము లేఖలు వ్రాసికొనసాగిరి.

లేఖలు పెరిగి సంఘములైనవి. 1930 మే నెలలో అట్టి లేఖక సంఘ మొకటి ‘ది కామెట్’ అను చిన్న పత్రికను వెలువరించినది. అభిమానులు తమకై తాము నడపుకొన్న పత్రికలలో అది మొదటిదని చెప్పుదురు. దాని సంపాదకుడైన రేమండ్ పామర్ 1938లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికకే సంపాదకు డయ్యెను. పాఠకుని బల్లకును సంపాదకుని పీఠమునకును నడుమ గోడ లేదని ఆనాడే ఋజువైనది. ఇట్టి పత్రికలకు ‘ఫాన్‌జీన్’ అను పేరు 1940లో ఏర్పడినది.

వీటిని ముద్రించిన విధము వినదగినది. అచ్చుయంత్రము కొనుటకు వారికి శక్తి లేదు. కొందరు హెక్టోగ్రాఫు పద్ధతి నవలంబించిరి. ఒక పళ్లెములో జెలటిన్ జిగురును పోసి గట్టిపరతురు. ఊదారంగు సిరాతో వ్రాసిన కాగితమును దానిపై అదిమినచో అక్షరములు జిగురులోనికి దిగును. పిదప ఖాళీ కాగితముల నొకదాని వెంట నొకటి అద్ది తీసినచో ప్రతులు వచ్చును. పేరున ‘నూరు’ అను అర్థ మున్నను, ఏబది ప్రతులు దాటునప్పటికి అక్షరములు వెలవెలబోవును. మరికొందరు మైనపు కాగితముపై టైపుచేసి సైక్లోస్టైలు యంత్రముపై త్రిప్పెడివారు. వంటయింటి బల్లయే కార్యాలయము. చేతులకు, చొక్కాలకు అంటిన సిరాయే లాభము.

పంపకములోను వారి పద్ధతి విలక్షణమైనది. పైకము పంపినవారికి పత్రిక లభించును గాని, ఒక వ్యాసము, ఒక బొమ్మ, మంచిచెడ్డలు విమర్శించు ఒక లేఖ, తానచ్చొత్తిన పత్రిక, వీనిలో ఏది పంపినను చందాతో సమానమే. 1937లో డానల్డ్ వోల్‌హైమ్ స్థాపించిన ఫాంటసీ ఎమెచ్యూర్ ప్రెస్ అసోసియేషనులో ప్రతి సభ్యుడును తన పత్రికను అందరికి సరిపోవునన్ని ప్రతులు తీసి ఒకరికి పంపును. ఆయన వాటిని మూటలు గట్టి మూడు నెలల కొకమారు అందరికి పంపును. అచ్చట శ్రోత మాత్రమే అయిన సభ్యుడు లేడు. ప్రతివాడును ఏదో యొకటి పెట్టి తినవలసిన బంతిభోజన మది.

లేఖలలో కలిసినవారికి ముఖాముఖి చూచుకొను కోరిక పుట్టుట సహజము. 1936 అక్టోబరులో న్యూయార్కు యువకులు కొందరు ఫిలడెల్ఫియా మిత్రుల నింటికడ కలిసికొని దానికి సమ్మేళనమని పేరు పెట్టిరి. 1937 జనవరి 3న ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున, దివ్యజ్ఞాన సమాజము వారి మందిరములో, ముందుగా ప్రకటించిన సభ జరిగినది. వచ్చినవారు ఇరువదిమందికి మించరు. వారిలో ఒకడు తరువాతి కాలమున జగద్విఖ్యాతుడైన రచయిత ఆర్థర్ క్లార్కు. ఈ రెంటిలో ఏది మొదటిదను వాదము ఇంకను తెగలేదు.

1939 జూలైలో న్యూయార్కున మొదటి ప్రపంచ సమ్మేళనము జరిగినది. ఆ యేట అచ్చట ప్రపంచ ప్రదర్శనము జరుగుచుండుటచే సభకును ‘ప్రపంచ’ శబ్దము చేరినది. సుమారు ఇన్నూరుమంది వచ్చిరి. లాస్ ఏంజెలిసు నుండి ఫారెస్ట్ ఆకర్మన్, మర్టిల్ డగ్లస్ అనువారు రాబోవు శతాబ్దపు వేషములు ధరించి వచ్చిరి. ఆ దుస్తులను డగ్లసే కుట్టినది. నేడు కాస్‌ప్లే యని లోకమంతట వ్యాపించిన వేషధారణకు ఆ కుట్టుపని నాంది.

అయితే ఆ మహోత్సవమున ఒక మచ్చయు కలదు. నిర్వాహకులకును ఫ్యూచరియనులను మరియొక బృందమునకును వైరముండెను. సభలో కలహము రేపుదురను భయముచే నిర్వాహకులు ఆరుగురిని గుమ్మము కడనే ఆపివేసిరి. ఆ ఆరుగురిలో వోల్‌హైమ్, ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ ఉండిరి. మువ్వురును పిమ్మట ఆ సాహిత్యమునకే స్తంభములైరి. వాకిట నిలుపబడినవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. నిలిపినవారిపై నింద మిగిలినది. గ్రామ సంఘములలో పార్టీలు ప్రబలిన వేళ ఈ యుదంతము గుర్తుంచుకొనదగినది.

యుద్ధమువలన 1942 మొదలు 1945 వరకు ప్రపంచ సమ్మేళనములు ఆగినవి. 1946లో తిరిగి మొదలైనవి. 1952లో అమెరికా అభిమానులు చందాలు వేసికొని, బెల్‌ఫాస్టు నగరమున చేతితో అక్షరములు పేర్చి ‘స్లాంట్’ పత్రికను అచ్చువేయు వాల్ట్ విల్లిస్‌ను చికాగో సభకు పిలిపించిరి. ఆ స్ఫూర్తితో 1953లో ఇరు ఖండముల అభిమానుల రాకపోకలకు శాశ్వత నిధి ఏర్పడినది. అదే యేట సమ్మేళన సభ్యుల ఓట్లతో ఇచ్చు హ్యూగో బహుమానములును ఆరంభమైనవి.

ఈ సమ్మేళనమున టిక్కెట్టు లేదు, సభ్యత్వము కలదు. వేదిక యేటేట ఊరు మారును. ఆ ఊరిని సభ్యులే ఓటుచే నిర్ణయింతురు. కుర్చీలు మోయువాడును, అధ్యక్షుడును జీతము లేనివారే. అట్లని దోషములు లేవని కాదు. 2023లో చెంగ్డూ సమ్మేళనమున కొన్ని రచనలను కారణము చూపకయే బహుమానపు పోటీనుండి తొలగించిరి. 2024లో ఆ సంగతి బయటపడి తీవ్ర విమర్శ వచ్చినది. ఓట్ల లెక్క నడిగిన వారు సభ్యులే.

1960 తరువాత ఈ ఉద్యమమున స్త్రీల పాత్ర మిక్కిలి హెచ్చినది. ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజను కథను మెచ్చినవారు 1967లో ‘స్పాకనేలియా’ పత్రికను వెలువరించిరి. ఆ కథ ఆగిపోవునని తెలిసినప్పుడు బిజో ట్రింబుల్, ఆమె భర్త జాన్ లేఖల ఉద్యమము నడపిరి. మూడవ యేడును కథ సాగినది. 1972 జనవరిలో న్యూయార్కున దానికై జరిగిన సభకు కొలదివందలమందిని ఎదురుచూడగా మూడువేలకు పైబడి వచ్చిరి.

ఈ అభిమానులు తెలిసిన పాత్రలతో క్రొత్త కథలల్లిరి. ఇది తెలుగువారికి వింతగాదు. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. అయినను ఆ కథ తెలుగునాట ఇంటింట వెలసినది. పాశ్చాత్య దేశములలో పాత్రలకు యజమానులు, గ్రంథస్వామ్యపు చట్టములు ఉన్నందున చిక్కులు వచ్చినవి. అందుచే అట్టి రచనలను విక్రయించి లాభమార్జింపరాదను కట్టుబాటు వారిలో బలపడినది.

ఇంటర్నెట్టు వచ్చిన పిదప వారి రచనలు ఇతరుల వ్యాపార స్థలములలో చేరినవి. యజమాని తలచినంతనే అవి మాయము కాసాగినవి. 2007లో ఇట్టి తొలగింపులు జరిగినప్పుడు, రచయిత్రి నవోమి నోవిక్ మున్నగువారు తమ యిల్లు తామే కట్టుకొనవలెనని సంకల్పించి లాభాపేక్ష లేని సంస్థను స్థాపించిరి. 2009 నవంబరులో ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అను భాండారము తలుపులు తెరచినది. ప్రకటనలు లేవు; విరాళములే ఆధారము; పనివారందరు స్వచ్ఛంద సేవకులు. 2022 నాటికి అందలి రచనలు కోటి దాటినవి. 2019లో దానికి హ్యూగో బహుమానము లభించినది.

పాత కాగితములకును రక్షణ దొరకినది. అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయము వేలకొలది ఫాన్‌జీన్లను సేకరించి, జీర్ణము కాకుండ కాపాడుచున్నది. ఒకనాడు పరిహాసపాత్రములైన ఊదారంగు కాగితములను నేడు పరిశోధకులు చేతులు కడుగుకొని తాకుచున్నారు.

ఆంధ్రదేశమునకును ఇట్టి వారసత్వము కలదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము వెలసిన పిదప పల్లెపల్లెకు వ్యాపించిన ఉద్యమమును నడపినవారు సామాన్యులే. ఆ కాలపు యువకులు చేవ్రాతతో పత్రికలు నడపిరి. వానిలో ఎన్ని చెదలపాలైనవో! రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమున ఒక బీరువా ఊరివారి వ్రాతలకై ప్రత్యేకింపబడవలెను. ఏటికొకమారు చదువరుల కూటమి జరుగవలెను. అందు బాలునికిని, కూలివానికిని, స్త్రీలకును మాటాడు హక్కుండవలెను. అన్నిటికి మించి, వైరివర్గమువాడు వచ్చినను గుమ్మము మూయరాదు. ఏబదవ యేట స్వర్ణోత్సవ సంచికను కూర్చువారికి ఆ బీరువాయే ఆధారము కాగలదు.