పొరుగువాడి భయం విన్న సభ: 1947 ఆసియా సదస్సు



ఎవరి పేరున పెట్టిన ఉపన్యాస నిధి సభకు మనం ఇవాళ ఇక్కడ చేరామో, ఆ మాస్టారు చరిత్ర పాఠంలో రాజుల కన్నా కూలీల గురించే ఎక్కువ చెప్పేవారని ఆయన శిష్యులందరికీ తెలుసు. దేశదేశాల సంస్కృతులు కలిసి కూర్చుని మాట్లాడుకునే సభల గురించి ప్రసంగించమని నన్ను అడిగినప్పుడు, 1947 మార్చి 23 నుంచి ఏప్రిల్ 2 వరకు ఢిల్లీ పురానా ఖిలాలో జరిగిన ఆసియా సంబంధాల సదస్సును ఎంచుకున్నాను. ఆ సభకూ మన కోస్తా కూలీకీ సంబంధం ఉంది. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

ఆ రోజులు ఎలాంటివో ఒకసారి తలచుకోండి. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాలేదు. మౌంట్‌బాటన్ మార్చి 22నే ఢిల్లీలో దిగాడు. పంజాబులో ఇళ్ళు తగలబడుతున్నాయి. అలాంటి వేళ భారత ప్రపంచ వ్యవహారాల మండలి పిలిస్తే 28 దేశాల నుంచి సుమారు 200 మంది వచ్చారు. అప్పటిదాకా ఒక ఆసియా దేశం నుంచి పొరుగు ఆసియా దేశానికి మాట చేరాలన్నా చాలాసార్లు లండన్, పారిస్, హేగ్ నగరాల మీదుగానే చేరేది. ఆ దారి తప్పించి నేరుగా ఎదురెదురుగా కూర్చోవాలన్నదే నెహ్రూ తపన. ముస్లిం లీగ్ మాత్రం, ఇది ఆసియా నాయకత్వం కోసం కాంగ్రెస్ పన్నిన ఎత్తు అని దూరంగా ఉండిపోయింది.

అధ్యక్షత వహించింది సరోజినీ నాయుడు. హైదరాబాదులో బెంగాలీ ఇంట పుట్టి, తెలుగింటి కోడలై, ఇంగ్లీషులో కవిత్వం రాసిన మనిషి. గోవిందరాజులు నాయుడు గారితో ఆమె వివాహం 1898లో మద్రాసులో కందుకూరి వీరేశలింగం పంతులు గారి చేతుల మీదుగా జరిగింది. కులాన్నీ ప్రాంతాన్నీ దాటిన పెళ్ళి అది. అలాంటి సభకు ఆమెకంటే తగిన అధ్యక్షురాలు దొరికేవారని నేను అనుకోను.

దేశాల అంతర్గత రాజకీయాల జోలికి, వివాదాల జోలికి పోకూడదనీ, రాజకీయ తీర్మానాలు చేయకూడదనీ ముందే అనుకున్నారు. జాతీయోద్యమాలు, వలసలు, జాతి సమస్యలు, వలస పాలన నుంచి బయటపడే ఆర్థిక వ్యవస్థ, సంస్కృతి, స్త్రీల స్థితి వంటి విషయాలపై విడివిడిగా బృందాలు కూర్చున్నాయి. అయినా వివాదం రాకుండా ఉంటుందా? సభలో పెట్టిన పటంలో టిబెట్ చైనాకు వెలుపల ఉందని చైనా అభ్యంతరం చెప్పింది, పటాన్ని మార్చారు. హిమాలయాలు దాటి వచ్చిన టిబెట్ ప్రతినిధులు ఆ సభలోనే ఉన్నారు. పాలస్తీనా మీద మాటా మాటా పెరిగి యూదు ప్రతినిధులు లేచి వెళ్ళిపోయారు, నచ్చజెబితే తిరిగి వచ్చారు. ఈ గొడవలను సభకు మచ్చగా చూపేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పటం మార్చడం బాధాకరమే, కానీ ఆ బాధ ఎక్కడుందో అందరికీ తెలిసింది ఆ సభలోనే.

నా దృష్టిలో సదస్సులోకెల్లా విలువైన ఘట్టం వలసల చర్చలో వచ్చింది. బర్మా, మలయా, సింహళం నుంచి వచ్చినవాళ్ళు భారతీయుల ముందూ చైనీయుల ముందూ తమ భయాన్ని దాచుకోలేదు. తెల్లవాడు వెళ్ళాక మీరు మా మీదికి వస్తారేమోనన్నదే ఆ భయం. పాశ్చాత్యుల ఏలుబడి చేదే, కానీ పొరుగు ఆసియా దేశపు ఏలుబడి అంతకన్నా చేదు అన్న అర్థం వచ్చేలా బర్మా ప్రతినిధి ఒకరు మాట్లాడారు. ఆతిథ్యమిచ్చిన ఇంట్లో కూర్చుని ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆ భయం ఎక్కడిదో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్ళు మేస్త్రీల దగ్గర బయానా తీసుకుని ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళారు. రేవులో బరువులు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. పల్లెల్లో తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల అప్పుల కింద బర్మా రైతు పొలం పోగొట్టుకున్నాడు. 1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నాయి. 26వ తేదీన మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మన కూలీలు. ఇద్దరు పేదవాళ్ళు ఒకరినొకరు కొట్టుకుంటుంటే లాభం మూడోవాడి పెట్టెలో పడింది. 1942లో జపాను సేనలు బర్మా మీదికి వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవుల వెంట నడిచి వచ్చారు, దారిలో రాలిపోయినవాళ్ళకు లెక్కలేదు.

ఆ సదస్సులో బర్మా న్యాయమూర్తులు, నాయకులు మాట్లాడారు, మన పండితులు, నాయకులు జవాబిచ్చారు. మూటలు మోసిన తెలుగు కూలీ గానీ, పొలం పోయిన బర్మా రైతు గానీ అక్కడ లేరు. ఆ సభ మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. బీహారు అల్లర్ల పల్లెల నుంచి ఢిల్లీ వచ్చిన గాంధీ చివరి రెండు రోజులూ సభలో మాట్లాడుతూ, మీరు చూస్తున్న ఢిల్లీ భారతదేశం కాదు, పల్లెలకు వెళ్ళి చూడండని ప్రతినిధులతో చెప్పారు. ఆయనకు ఈ లోటు కనిపించే ఉంటుంది.

తర్వాత కథ త్వరగా చెబుతాను. అదే ఏడాది సెప్టెంబరులో ఆ పురానా ఖిలాయే ప్రాణభయంతో ఇళ్ళు వదిలి వచ్చిన ఢిల్లీ ముస్లింలకు శరణార్థి శిబిరమైంది. రెండో సదస్సు 1949లో చైనాలో జరగాల్సింది, జరగలేదు. అంతమాత్రాన అంతా వృథా అనలేం. డచ్చివాళ్ళు ఇండోనేషియా మీద మళ్ళీ దాడి చేస్తే, 1949 జనవరిలో నెహ్రూ 18 దేశాలను ఢిల్లీకి పిలవగలిగారు. 1955లో బాండుంగ్ సభకు 29 దేశాలు వచ్చాయి. ఒకసారి ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు కాబట్టే అంత వేగంగా మళ్ళీ కలవగలిగారని నా నమ్మకం.

ఇక మన సంగతి. 1975లో హైదరాబాదులో, 1981లో కౌలాలంపూరులో, 1990లో మారిషస్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. అవి జరగాలి, ఇంకా జరగాలి. అయితే కౌలాలంపూరులో చేరినా మారిషస్‌లో చేరినా ఇలాంటి సభల్లో ప్రధానంగా మనం మనతోనే మాట్లాడుకుంటాం. మనకు చోటిచ్చిన దేశస్థుడిని పిలిచి, మా రాక మీకెలా ఉందని అడిగే పూట ఒకటి ఉండాలి.

ఈ నిధి నిర్వాహకులకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఈ వేదిక మీదికి ఒక బర్మా చరిత్రకారుడినీ, రంగం వెళ్ళొచ్చిన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కుటుంబాల వాళ్ళనూ కలిపి పిలవండి. 1930 మే నెల గురించి ముందు ఆయన చెప్పాలి, మనవాళ్ళు వినాలి. తర్వాత వీళ్ళు తమ తాతలు చెప్పిన మాటలు చెప్పాలి, ఆయన వినాలి. రెండు భాషలూ తెలిసినవాళ్ళు బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల్లో దొరకవచ్చు. ఆ పెద్దలకు వయసు మీద పడుతోంది, వెతికే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.