తరిగిన బరువు నిలుచునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాస పాఠము)



నేను వైద్యుడను కాను. పండితుడను అంతకంటెను కాను. గ్రామ లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరికినపుడు ఈ గ్రంథాలయపు బీరువాలలోని ప్రాచీన గ్రంథములను గురుముఖము లేకయే చదివికొన్నవాడను. ఈ శుభసమయమున పురాణ విషయ మేదైన ముచ్చటింపుమని మిత్రులు కోరిరి. కాని నేను ఈ గ్రంథాలయమునకు తీర్చవలసిన బాకీ యొకటి కలదు. దానిని తీర్చుటకే నేడు నిలుచుంటిని.

కొన్నియేండ్ల క్రిందట ఈ పఠన మందిరముననే, ఆ కిటికీ ప్రక్క బల్లకడ కూర్చుండి, నేనొక కరపత్రమును బిగ్గరగా చదివి వినిపించితిని. నలుబది దినములు అన్నము, రొట్టె, పప్పు పూర్తిగా విడిచి, పండ్లతోను కాయగూరల రసముతోను మజ్జిగతోను గడపినచో దేహభారము వెన్నవలె కరగిపోవునని అందు వ్రాసియుండెను. విన్నవారిలో నలుగురు ఆ వ్రతమును పట్టిరి. అందరికంటె ముందు పట్టినవాడను నేనే.

లెక్కలవాడను గనుక ప్రతిదినము బరువు తూచికొని చిట్టాలో వ్రాసితిని. ఆరంభమున 86 కిలోలు. మొదటి వారమునకే నాలుగు కిలోలు తగ్గినవి. నలుబదవ నాటికి 77. చూచినవారెల్ల మెచ్చుకొనిరి, నన్ను నేనును మెచ్చుకొంటిని. పదునాలుగు మాసముల పిమ్మట అదే చిట్టాలో, అదే చేతివ్రాతతో, 89 అని వ్రాసికొనవలసి వచ్చెను. పోయిన అసలు తిరిగి వచ్చెను. దానిపై మూడు కిలోల వడ్డీయు వచ్చెను.

ఇంతటితో పోయినచో నవ్వి ఊరకుందును. నా భార్య చక్కెర వ్యాధికి మాత్రలు వాడుచుండెడిది. నా మాట విని ఆమెయు అన్నము మానెను. మాత్ర మాత్రము మానలేదు. పండ్రెండవ దినమున వంటయింట చెమటలు పట్టి, మాట తడబడి, గోడకు చేరగిలబడెను. స్మృతి తప్పకమునుపే పొరుగింటి కోడలు చక్కెర నీళ్లు త్రాగించుటచే ఆపద గడచినది. తిండి తగ్గించి మాత్రను తగ్గింపనిచో రక్తములోని చక్కెర ప్రాణాపాయకరముగా పడిపోవచ్చునని వైద్యుడు చెప్పుచుండగా నేను తల యెత్తలేకపోతిని. ఆ కరపత్రమును చదివిన గొంతు నాది.

నాటినుండి ఒకే ప్రశ్న నన్ను వెంబడించినది. తరిగిన బరువు ఏల నిలువదు? దాని సమాధానమునకై చదివినది మీకు విన్నవించెదను.

మొదటి వారమున తగ్గిన నాలుగు కిలోలలో కొవ్వు కొంచెమే. మన కాలేయమునందును కండరములయందును గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. ఒక్కొక్క గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము మానగానే ఆ నిలువ ఖర్చగును, నీరును వెడలిపోవును. తిరిగి అన్నము తినగానే రెండును వచ్చి చేరును. నేను మురిసిన జమ నీటిపై వ్రాసినది!

రెండవది, దేహము మనకంటె పొదుపరి. అమెరికాలోని మిన్నెసోటాలో 1944, 1945 సంవత్సరములయందు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు స్వచ్ఛందముగా వచ్చిన 36 మంది యువకులకు ఆరు మాసములు అర్ధాహారము పెట్టి పరిశీలించెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. దానితోపాటు విశ్రాంతియందు దేహము వెచ్చించు శక్తియు మిక్కిలి తగ్గెను. పగలును రాత్రియు వారికి తిండి తలపే. రాబడి తగ్గిన గృహస్థు ఖర్చు తగ్గించికొనునట్లు దేహమును చేయును. ఆ స్థితిలో మునుపటి భోజనమునకు మరలినచో మిగులు కొవ్వుగా మారక యేమగును?

మూడవది ఆకలి. ఆస్ట్రేలియాలో పది వారములు అత్యల్పాహారముపై నుంచిన స్థూలకాయులను శాస్త్రజ్ఞులు పరిశీలించి, 2011లో ఫలితములు ప్రకటించిరి. ఆకలిని పెంచు హార్మోనులు ఏడాది గడచినను పూర్వస్థితికి రాలేదు. కావున బరువు తిరిగి వచ్చినవారిని నోరు కట్టుకొనలేనివారని నిందించుట న్యాయము కాదు.

మన తెలుగునాట 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి ఇంటింట మాటయైనది. ధాన్యములను విడిచి, కొబ్బరినూనె మొదలగు కొవ్వులను, నిమ్మరసమును, అధికముగా నీటిని గ్రహింపుమనుట దాని సారము. నేను పట్టినది అది కాదు. దానివలన మేలు పొందితిమనువారును కలరు. పేరుపొందిన పదునాలుగు ఆహారనియమములను గూర్చిన 121 పరిశోధనలను, ఇంచుమించు 22,000 మంది వివరములను కలిపి చూచిన సమీక్ష యొకటి 2020లో వెలువడినది. ఆరు మాసములకు పెక్కింట బరువు తగ్గినది. పండ్రెండు మాసములకు ఆ తగ్గుదల చాలవరకు హరించినది. తగ్గుననుట అబద్ధము కాదు. నిలుచుననుటకే నిదర్శనము చాలదు.

ఈ విషయమున మనకు దూరము పోవలసిన పని లేదు. మన ఉప్పలుకును నాచారమునకును సమీపముననే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ దొర ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. దక్కనులో ప్రధానముగా జొన్నలే తిని బ్రతికిన పేదలకు పెల్లాగ్రా అను వ్యాధి వచ్చుటను ఇచట గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు పరిశోధించి, 1960లో ఫలితములు ప్రకటించిరి. జొన్న మన తాతల తిండి. దానియందు దోషము లేదు. కంచమున అది ఒంటరిదైనపుడే కీడు. నాడు పేదలు గతిలేక ఒంటితిండి తినిరి. నేడు మనము కరపత్రమును చూచి కోరి తినుచున్నాము! ఆ సంస్థయే 2024లో ప్రకటించిన సూచనలలో బరువును మెల్లగా తగ్గింపవలెననియు, వారమునకు అరకిలో తగ్గుట క్షేమమనియు, దినమునకు వెయ్యి కెలోరీలకు తక్కువ తినరాదనియు చెప్పినది.

నా పాత గ్రంథములును ఈ మాటకు దూరముగా లేవు. చరకసంహితలో సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలులను, అతికృశులను గూర్చినది. స్థూలునకు కడుపు నిండవలెను, మేను పెరుగరాదు. అట్టి ఆహారము నీయవలెనని చరకుని మతము. కొర్రలు, అరికెలు, యవలు, పెసలు, ఉలవలు అందు కనబడును. వ్యాయామమును క్రమముగా పెంచుమనియు కలదు. ఆ 'క్రమముగా' అను మాటను నేను చాల ఆలస్యముగా చదివితిని.

బరువు తగ్గి నిలుపుకొన్నవారు లేకపోలేదు. అమెరికాలో 1994 నుండి అట్టివారి వివరములను నమోదు చేయుచు వచ్చిరి. వారి మార్గములు వేరు. కాని పెక్కుమంది నిత్యము చాలసేపు నడచువారు, తమ బరువును తరచు చూచుకొనువారు. అనగా వారిది నలుబది దినముల వ్రతము కాదు, జీవితపు అలవాటు.

నేనిప్పుడు అన్నము మానలేదు. తగ్గించి, పప్పును ఆకుకూరను పెంచితిని. రాత్రిపూట జొన్నరొట్టె. ఉదయమున చెరువు గట్టుపై నడక. సంక్రాంతికి సకినాలు రెండు తిందును. బోనాలనాడు అందరితో కూర్చుండి భుజింతును. మూడేండ్లలో 89 నుండి 81కి వచ్చితిని. ఎవరును మెచ్చుకొనలేదు, ఏలయన ఎవరికిని కనబడలేదు! కాని ఏడాదిగా ఆ అంకె కదలలేదు. నా భార్యకు ఆమె వైద్యుడు తిండికి తగినట్లు మాత్రను సరిచేసినాడు. ఆమె కంచమును గూర్చి నేను తీర్పులు చెప్పుట మానితిని.

ఇకమీదట ఎవరైన మీకొక ఆహారనియమమును బోధించినచో మూడు ప్రశ్నలడుగుడు. పదియేండ్ల తరువాతను ఇట్లే తినగలనా? ఇంటివారందరితో ఒకే పంక్తిని కూర్చుండి తినగలనా? నేను వాడు మందుల సంగతి వైద్యునితో మాటాడితినా? మూడింటికిని అవునను సమాధానము రానిచో, ఆ నియమము ఎంత ఘనుడు చెప్పినను, దూరమునుండియే నమస్కరింపుడు.

ఆ కరపత్రము నేటికిని మన బీరువాలో ఉన్నది. చింపివేయుదమని కార్యదర్శిగారనిరి, నేను వలదంటిని. గ్రంథాలయమున తప్పును దాచుటకంటె దాని ప్రక్కన ఒప్పును ఉంచుట మేలు. దాని వెనుక నా చిట్టాలోని పుటయొకటి అంటించితిని. 86, 77, 89 అను మూడంకెలు అందు కలవు. కరపత్రమును చదువువారు ఆ పుటనుకూడ చదువుదురుగాక!

ఇరువదియైదేండ్లుగా మనకు చదువు వడ్డించిన ఈ గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లవలెనని కోరుచున్నాను.