కళావిద్య: గ్రాంటు పాలు, గ్రామము పాలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



రజతోత్సవములు జరుపుకొను గ్రంథాలయములలో తరచు వినవచ్చు కోరిక ఒకటి కలదు: పిల్లలకు సంగీతమో, నాటకమో, తోలుబొమ్మలాటయో నేర్పించుటకు సర్కారు గ్రాంటు కావలెనని. కోరుట తప్పు గాదు. ప్రజల పన్నులతో నిండిన ఖజానానుండి ప్రజల విద్యకు ద్రవ్యము రావలసినదే. అయితే ఆ ద్రవ్యము ఎంతవరకు పనిచేయును, ఎచ్చట ఆగిపోవును, ఆగినచోట ఎవరు అందుకొనవలెను అను విచారణ ముందుగా జరుగవలెను.

తెలుగుదేశమునకు కళాపోషణ క్రొత్తది కాదు. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడిని భాగవతులకు అగ్రహారముగా ఒసగెనని ప్రతీతి. ఆ గ్రామమున పుట్టిన ప్రతి భాగవత బాలుడును జీవితమున ఒక్కసారియైన సత్యభామ వేషము ధరింపవలెనని సిద్ధేంద్రయోగి నియమము చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఈ రెండింటిని కలిపి చూడవలెను. భూమి కడుపు నింపినది. నియమము కళను తరమునుండి తరమునకు అందించినది. నియమము లేనిచో మాన్యము వట్టి పొలముగా మిగిలియుండెడిది.

1919లో విజయనగర ప్రభువు విజయరామ గజపతి సంగీత పాఠశాలను స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. వారి తరువాత ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠము నధిష్ఠించిరి. ప్రభువు ధనము పాఠశాలను నిలిపినది. కాని సంగీతము నేర్వవలెనని అచ్చటికి వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు మధూకరమెత్తి, ఇంటింట పెట్టిన అన్నముతో విద్యార్థి దశ గడపిరి. జోలెలో అన్నము వేసిన ఇల్లాండ్ర పేర్లు ఏ శాసనమునందును లేవు. గురువును రాజు పోషించెను. శిష్యుని ఊరు పోషించెను. ఏ ఒక్కటి లోపించినను ఆ గొంతు తెలుగువారికి దక్కియుండెడిది కాదేమో!

జమీందారీలు పోయినవి. 1948లో మద్రాసు రాష్ట్రమున ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ప్రారంభమయ్యెను. 1985-86 ప్రాంతమున దేశమున ఏడు మండల సాంస్కృతిక కేంద్రములు ఏర్పడెను. తెలుగు ప్రాంతములకు సంబంధించిన దక్షిణ మండల కేంద్రము తంజావూరున నున్నది. ఈ కేంద్రముల గురుశిష్య పరంపర పథకము క్రింద గురువునకు నెలకు రూ. 7,500, ప్రక్కవాద్యకారునికి రూ. 3,750, ఒక్కొక్క శిష్యునికి రూ. 1,500 ఇచ్చుచున్నట్లు ఇటీవలి ప్రభుత్వ ప్రకటనలు తెలుపుచున్నవి. శిక్షణకాలము ఆరు నెలలనుండి ఒక సంవత్సరము. నలుగురు శిష్యులున్నచో నెలకు రూ. 17,250, ఆరు నెలలకు రూ. 1,03,500 అగును.

ఇది చిన్న సాయము గాదు. ఒక వృద్ధ కళాకారుడు కూలికి పోక, ఇంట కూర్చుండి నలుగురికి పాఠము చెప్పగలడు. కాని ఏడవ నెలలో ఏమగును? నేర్చిన పిల్లవాడు పాడుటకు వేదిక ఏది? వినుటకు జనమేరి?

శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మల గ్రామము. అచ్చటి కళాకారులు దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించినది. అయినను అచ్చటి కుటుంబములు నేడు తోలుపై దీపపు తొడుగులు చిత్రించి జీవించుచున్నవి. తొడుగునకు కొనువాడున్నాడు, కనుక చేతిపని నిలిచినది. ఆటకు పిలుచు ఊరు లేనిచో పాట, కథ, బొమ్మను ఆడించు నేర్పు ఆ పెద్దలతోనే పోవును. గ్రాంటు గురువునకు జీతమీయగలదు. ప్రేక్షకుని తెచ్చి కూర్చుండబెట్టలేదు.

అది గ్రామము పాలు. అందులకు గ్రంథాలయమే తగిన స్థలము. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా గ్రామస్థులు చెల్లించుచునే యున్నారు. వేయి రూపాయల పన్నుకు ఎనుబది రూపాయలు. అది వసూలై గ్రంథాలయ సంస్థకు చేరుచున్నదా లేదా అని అడుగుట చందాదారుల హక్కు, విధి కూడ. ఆ పన్ను పుస్తకమునకు, గదికి, దీపమునకు. ఆ గదిలోనే వారమున రెండు సాయంకాలములు పిల్లలు పాఠము నేర్వవచ్చును. ఏటికి రెండు రాత్రులు ఊరు ఆట పెట్టించి, ఇంటికి పిడికెడు బియ్యము పోగుచేసి, కళాకారులకు అన్నముపెట్టి, చేతనైన సంభావన ఇచ్చి సాగనంపవచ్చును. ఆడపిల్లలకును, అన్ని పేటల బిడ్డలకును ఆ చాప పరచియుండవలెను. వచ్చిన ప్రతి పైసా లెక్కను గోడపై అంటింపవలెను. లెక్క కనబడిన చోట మరుసటి చందా అడుగకయే వచ్చును.

ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలమాట. గ్రాంటు ఎరువు సొమ్ము గాదు, ప్రజల సొమ్మే. కాని ఊరు తన పాలు కలుపనినాడు అదియు పరాయిదై, పత్రములు ముగిసిననాడే ముగియును. ఊరు తన పాలు కలిపినచో, గ్రాంటు ఆగిన మరునాటి సాయంకాలము కూడ ఈ గదిలో దీపము వెలుగును, తాళము వినబడును. స్వర్ణోత్సవము నాటికి ఈ వేదికపై పాడువారు నేడు ఆ ముందు వరుసలో కూర్చున్న పిల్లలే కావలెను.

స్వస్తి.