ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులో అమ్మాయి వాటా ఎంత?

(జాతీయ విద్యా దినోత్సవం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినమైన నవంబరు 11ను 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ మహనీయుణ్ణి వేదికలపై స్మరించుకున్నంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు. మన ఇళ్లలోని పిల్లల చదువు ఏ స్థితిలో ఉందో విచారించుకోవడమే ఆయనకు నిజమైన నివాళి.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. చదువు తరగతి గదిని విడిచి తెర మీదికి చేరింది. తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఉపాధ్యాయులు వాట్సాప్‌లో అభ్యాసాలు పంపారు. ఏర్పాట్లు మంచివే. కానీ వాటిని అందుకోగలిగినవారు ఎందరు? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం గల కుటుంబాలు పల్లెల్లో నూటికి 15, పట్టణాల్లో 42 మాత్రమే. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పల్లెల్లో నూటికి నాలుగు. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట వాస్తవమే. అయితే ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది చదువుకునే బిడ్డ చేతికి అందటం వేరు.

మేము గడప గడపకూ తిరిగినప్పుడు పదే పదే కనిపించిన పరిస్థితి ఇది. ఇంట్లో ఫోను ఒక్కటే. పగలంతా అది అబ్బాతోపాటు ఆటోలోనో, మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి వద్దనో ఉంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే అన్న చేతికి పోతుంది. చెల్లెలి వంతు వచ్చేసరికి ఛార్జింగ్ అయినా అయిపోతుంది, డేటా అయినా అయిపోతుంది. బడులు తిరిగి తెరిచిన నాడు అన్న పుస్తకాల సంచి భుజాన వేసుకున్నాడు. పాఠాలు అందక వెనుకబడిన చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుంది.

కారణం అడిగితే పేదరికం ఒక్కటే చెప్పరు. "ఆడపిల్ల చేతికి ఫోను ఇస్తే చెడిపోతుంది" అంటారు. ఈ భయాన్ని మేము తేలికగా కొట్టివేయడం లేదు. అంతర్జాలంలో మోసం ఉంది, అసభ్యత ఉంది, వేధింపు ఉంది. అయితే ఆ ప్రమాదాలు మగపిల్లవాడికి లేవా? అర్ధరాత్రి దాకా ఆటల్లో, రీల్స్‌లో మునిగి ఉన్న కొడుకును ప్రశ్నించని మనం, పాఠం కోసం ఫోను అడిగిన కూతురిని ఎందుకు అనుమానిస్తున్నాం? విద్యార్జన స్త్రీ పురుషులిద్దరి బాధ్యత అని బోధించే ధర్మం మనది.

ఈ సందర్భంలో కేరళకు చెందిన ఒక ముస్లిం విద్యార్థిని పోరాటాన్ని మన కుటుంబాలు తెలుసుకోవాలి. కోళికోడ్ జిల్లాలో ఒక కళాశాల బాలికల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోన్ల వాడకాన్ని నిషేధించారు. డిగ్రీ చదువుతున్న ఫహీమా షిరీన్ ఆ నిబంధనను అంగీకరించలేదు. హాస్టల్ నుంచి తొలగించారు. చదువుకు అవసరమైన సమాచారం ఫోనులోనే లభిస్తుందని, ఆంక్షలు ఆడపిల్లలకే పెట్టడం వివక్ష అని ఆమె హైకోర్టులో వాదించింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అంతర్జాలాన్ని ఉపయోగించుకునే హక్కు విద్యాహక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమని ప్రకటించింది. న్యాయస్థానం గుర్తించిన హక్కును మన ఇంటి గడప లోపల మనమే కాదనడం న్యాయమా?

ఇక చేయవలసిన పనులు. ప్రతి ఇంట్లో రోజుకు కనీసం ఒక గంట ఫోను అమ్మాయి చదువుకు కేటాయించాలి. అది దయతో ఇచ్చేది కాదు, ఆమె వాటా. నలుగురూ కూర్చునే గదిలో అన్నా చెల్లెళ్లిద్దరికీ ఒకే నియమం ఉండాలి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో తెరిస్తే పాఠాల వీడియోలు వస్తాయి. దానికి ఖర్చు డేటా మాత్రమే. కళాశాల విద్యార్థులకు స్వయం వేదికలో కోర్సులు ఉచితం, ధ్రువపత్రం కోసం పరీక్ష రాసేవారే రుసుము చెల్లించాలి. బడి మానేసిన అమ్మాయి 14 ఏళ్లు నిండితే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా ఉర్దూలో డిగ్రీ చదివే అవకాశం కల్పిస్తోంది.

మొహల్లా వాట్సాప్ గ్రూపుల సంగతి కూడా చెప్పాలి. తెల్లవారితే శుభాకాంక్షలు, మధ్యాహ్నానికి వదంతులు, రాత్రికి వాదులాటలు! చదువుకు ప్రత్యేకంగా ఒక గ్రూపు ఉండాలి. అందులో పాఠం, ప్రవేశ ప్రకటన, స్కాలర్‌షిప్ గడువు తప్ప మరొకటి పెట్టరాదు. స్కాలర్‌షిప్ పేరిట వచ్చే లింకులను అధికారిక వెబ్‌సైటులో సరిచూసుకోకుండా పంపరాదు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. ఆడపిల్లల ఫొటోలు, ఫోను నంబర్లు బహిరంగంగా పెట్టరాదు. ఇంట్లో ఫోను లేని పిల్లల కోసం మస్జిద్ కమిటీలు, షాదీఖానా నిర్వాహకులు సాయంత్రం ఒక గది, ఒక కంప్యూటర్, ఒక నెట్ కనెక్షన్ ఏర్పాటు చేయాలి. అమ్మాయిలకు వేరుగా సమయం, పర్యవేక్షణకు చదువుకున్న ఒక ఆపా ఉండాలి.

మన పని మనం చేస్తూనే ప్రభుత్వాన్ని కూడా నిలదీయాలి. ఉర్దూ మాధ్యమ బడుల్లో కంప్యూటర్లు, ఉర్దూలో నాణ్యమైన డిజిటల్ పాఠాలు, మైనారిటీ బస్తీల్లో ఉచిత ఇంటర్నెట్‌తో గ్రంథాలయాలు మన హక్కులు. వినతిపత్రం ఇచ్చి ఊరుకోక, దాని రసీదు తీసుకుని, జవాబు వచ్చేదాకా వెంటపడాలి.

ఈ రాత్రి ఇళ్లకు చేరగానే ఫోను ఎవరి చేతిలో ఉందో గమనించండి. చదువుకునే బిడ్డ ఖాళీ చేతులతో ఉంటే, ఆ వాటా ఆమెకు ఇప్పించండి. అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.